కొలత కోసేసిన బొమ్మ

(పిట్టలవానిపాలెంలో డ్రాయింగ్ మాస్టారి స్మారక సభలో చేసిన ఉపన్యాసానికి అచ్చు ప్రతి)

కరపత్రంలో మాస్టారి పేరు లేదేమిటని కొందరు అడిగారు. తన పేరు మీద సభలూ పుస్తకాలూ వద్దని ఆయన ముందే చెప్పి వెళ్లారు. ఆయన పిల్లలు సగం మాట విన్నారు. సభ పెట్టారు, పేరు వెయ్యలేదు. ఈ చుట్టుపక్కల డ్రాయింగ్ మాస్టారంటే ఎవరో వేరే చెప్పక్కర్లేదు గనక నేనూ అలాగే పిలుస్తాను.

బొమ్మల మీద ఉపన్యాసం అన్నారు కదా అని అమరావతి శిల్పం గురించో, లేపాక్షి గోడల గురించో వినడానికి వచ్చినవాళ్లుంటారు. అమరావతికి తప్పకుండా వెళ్దాం గానీ, నాది కాస్త చుట్టుదారి. న్యూ మెక్సికో ఎడారి, పసిఫిక్ సముద్రం, రాజస్థాన్ ఇసుకతిన్నెలు తిరిగి రావాలి. నేను ఎంచుకున్న విషయం అణుబాంబు పరీక్షల ఫోటోలు. అవి ఇళ్లలో గోడల మీదికి అలంకారంగా ఎక్కుతున్నాయి. జీవితమంతా ఫిజిక్స్ చెప్పినవాణ్ణి, అంతకుముందు మాస్టారి దగ్గర బొమ్మలు వేసినవాణ్ణి. రెండూ కలిసే చోటు ఇంతకంటే నాకు దొరకలేదు.

మా బంధువుల అబ్బాయి ఒకడు హైదరాబాదులో ఫ్లాటు కొన్నాడు. గృహప్రవేశానికి వెళ్తే హాల్లో సోఫా వెనక గోడంతా ఒకటే కాన్వాసు. కింద నీలం సముద్రం, పైన నారింజ రంగు మేఘం, దాని చుట్టూ తెల్లటి వలయాలు. వచ్చినవాళ్లు సూర్యాస్తమయం అనుకుని మెచ్చుకుంటున్నారు. “సన్‌సెట్ కాదు పెదనాన్నా, న్యూక్లియర్ టెస్టు. ఆన్‌లైన్‌లో తెప్పించా. చూస్తూ కూర్చుంటే ఎంత ప్రశాంతంగా ఉంటుందో” అన్నాడు. నాకు తెలిసిన ఫోటోయే. ఫ్రాన్సు 1970 జులై 3న మురురోవా పగడపు దీవి దగ్గర పేల్చిన లికోర్న్ అనే బాంబు అది. శక్తి 914 కిలోటన్నులు, అంటే హిరోషిమా బాంబుకు దాదాపు అరవై రెట్లు. కాన్వాసుతో పాటు వచ్చిన చీటీ అడిగి తీసుకుని చదివాను. పొడవు వెడల్పులు అంగుళాల్లో ఉన్నాయి. ఫ్రేము ఏ చెక్కో ఉంది. తడిబట్టతో తుడవద్దని ఉంది. ఊరు లేదు, తేదీ లేదు.

కుర్రాణ్ణి తప్పుపట్టడానికి ఈ మాట ఎత్తలేదు. అతనికి ఆ బొమ్మలో కనిపించిన ప్రశాంతత అబద్ధం కాదు. అదెలా వచ్చిందన్నదే నా ప్రశ్న.

కుర్రాడి కాన్వాసు ఫ్రాన్సుది గానీ, అమెరికా ఫోటోలు ఇంత చవగ్గా, ఇంత విరివిగా దొరకడానికి మూలం కళాభిమానం కాదు, చట్టం. అమెరికా ప్రభుత్వోద్యోగులు ఉద్యోగధర్మంగా తీసిన ఫోటోలకు ఆ దేశంలో కాపీరైటు ఉండదు. ఎవరైనా అచ్చేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు. 1945 నుంచి 1962 వరకు అమెరికా బహిరంగంగా ఆకాశం కింద పేల్చినవి 210. ఒక్కోదాన్నీ నాలుగు వైపుల నుంచి కెమెరాలు పట్టుకున్నాయి. ఆ ఫిల్ములు పదివేల దాకా ఉంటాయని లెక్క. ఈ పని కోసమే హాలీవుడ్ దగ్గరి కొండల్లో లుకౌట్ మౌంటెన్ అనే స్టూడియో 1947 నుంచి 1969 వరకు నడిచింది. సినిమా వాళ్ల ఊళ్లో సినిమా వాళ్ల పనితనంతోనే బాంబునీ చిత్రించారన్నమాట. 1963లో మాస్కోలో ఒప్పందం కుదిరి, అమెరికా, రష్యా, బ్రిటన్ బాంబుల్ని భూమి కిందికి దించాయి. దాంతో కెమెరాకి పని పోయింది. అందుకే ఇవాళ అమ్ముడుపోతున్న అమెరికా మేఘాలన్నీ నా ఈడువో, నాకంటే పెద్దవో.

అలంకారం కావడం కూడా కొత్త కాదు. 1946లో బికినీ దీవుల్లో రెండు బాంబులు పేల్చిన నౌకాదళ అధికారి బ్లాండీ, ఆ నవంబరులోనే వాషింగ్టన్ విందులో భార్యతో కలిసి పుట్టగొడుగు మేఘం ఆకారంలో ఉన్న కేకు కోశాడు. ఫోటో పేపర్లలో వచ్చింది, తిట్లూ వచ్చాయి. అక్కడ మొదటి బాంబు పేలిన నాలుగు రోజులకే పారిస్‌లో ఒక ఈతదుస్తుకి ఆ దీవి పేరు పెట్టారు. నెవాడా పరీక్షల మైదానానికి వంద కిలోమీటర్ల దూరంలో ఉన్న లాస్ వేగస్ 1957లో ఒక నర్తకికి దూదితో చేసిన మేఘాన్ని తొడిగి ‘మిస్ ఆటమిక్ బాంబ్’ అంది. మనమూ తక్కువ తినలేదు. శివకాశి నుంచి దీపావళికి పచ్చతాడు చుట్టి వచ్చే ఆటంబాంబు, హైడ్రోజన్ బాంబు మన పిల్లల చేతుల్లో పేలినవే కదా.

ఇక మాస్టారి దగ్గరికి వస్తాను. చందోలు గుడి గోపురం వేసి తీసుకెళ్తే ఆయన బాగుందనీ అనేవారు కాదు, బాగా లేదనీ అనేవారు కాదు. “ఎంత ఎత్తురా ఇది?” అని అడిగేవారు. తెల్లమొహం వేస్తే, “పక్కన ఓ మనిషిని నిలబెట్టు, వాడే చెబుతాడు” అనేవారు. మనిషిని వెయ్యడం రాకపోతే ఎద్దు, అదీ రాకపోతే బిందె. రెండో ప్రశ్న ఇంకా ఇబ్బంది పెట్టేది. “నువ్వెక్కడ నిలబడి చూశావు?” కాగితం మీద చూపు మట్టం గీత గీసి, కళ్లు ఆ ఎత్తులో ఉంటే ఈ గడప ఇలా కనిపించదని సుద్దముక్కతో నల్లబల్ల మీద వేసి చూపించేవారు. మార్కులు ఈ రెండు ప్రశ్నలకే. రంగులకి ఆయన పెద్దగా మార్కులు వేసేవారు కాదు. రంగులపెట్టె కొనగలిగినవాడికీ లేనివాడికీ అక్కడ తేడా రాకూడదని కావచ్చు.

ఈ రెండు ప్రశ్నలూ పట్టుకుని మొట్టమొదటి అణుపరీక్ష దగ్గరికి వెళ్దాం. 1945 జులై 16, తెల్లవారుజాము అయిదున్నరకి ఒక్క నిమిషం తక్కువ. న్యూ మెక్సికోలో వంద అడుగుల ఇనుప గోపురం మీద పెట్టిన బాంబు పేలింది. ఆ పరీక్ష పేరు ట్రినిటీ. ఫోటోల బాధ్యత బెర్లిన్ బ్రిక్స్‌నర్ అనే ఆయనది. యాభైకి పైగా కెమెరాలు అమర్చి, తాను తొమ్మిది కిలోమీటర్ల దూరంలో ఉత్తరం వైపు కట్టిన బంకరు దగ్గర నిలబడ్డాడు. ఆ ఫిల్ములోని 0.025 సెకన్ల బొమ్మ ప్రపంచమంతా తిరిగింది. నేల మీద బోర్లించిన బుడగలాగా ఉంటుంది. అసలు ప్రతిలో కింద రెండు విషయాలు అచ్చయి ఉంటాయి. ఒకటి, పేలాక ఎంతసేపటికి తీసిందో చెప్పే అంకె. రెండోది ఒక అడ్డగీత, దాని మీద వంద మీటర్లు అని రాత. అంటే మాస్టారు అడిగే మనిషి స్థానంలో బ్రిక్స్‌నర్ కొలబద్దని నిలబెట్టాడు.

ఆ గీత ఏం చేసిందో చూడండి. ఈ ఫోటోల్ని రహస్యం కాదని 1947లో బయటికి వదిలారు. బాంబు శక్తి ఎంతో మాత్రం అధికారికంగా వదల్లేదు. ఇంగ్లండులో జి.ఐ. టేలర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఉన్నాడు. ట్రినిటీ పేలినప్పుడు స్వయంగా అక్కడ నిలబడి చూసినవాడే. పెద్ద పేలుడు జరిగితే అగ్నిగోళం ఏ లెక్కన పెరుగుతుందో యుద్ధకాలంలోనే సూత్రం కట్టి పెట్టుకున్నాడు. అచ్చయిన ఈ ఫోటోలు తీసుకుని, అడ్డగీతతో గోళం వ్యాసార్థం కొలిచి, పక్కనున్న అంకెతో కాలం తెలుసుకుని, శక్తి 16,800 టన్నుల టీఎన్‌టీ అని 1950లో ప్రచురించాడు. ఇక్కడున్న ఇంటర్ పిల్లలు సెల్‌ఫోనులోనే చేసి చూసుకోవచ్చు. వ్యాసార్థం 130 మీటర్లు, దాని అయిదో ఘాతం. కాలం 0.025 సెకన్లు, దాని వర్గంతో భాగించండి. గాలి సాంద్రత ఘనమీటరుకి సుమారు కిలోంబావు, దానితో గుణించండి. వచ్చిన జౌళ్లని టన్నుల్లోకి మారిస్తే పదిహేడు వేల చిల్లర తేలుతుంది. ఎవరూ నోరు విప్పి చెప్పని అంకెని ఒక ఫోటో చెప్పేసింది. అడ్డగీతా కాలమూ దాని మీద ఉన్నాయి గనకే చెప్పగలిగింది.

గోడకి అమ్మే ప్రతుల్లో చాలావాటికి ఆ కింది పట్టీ ఉండదు. కత్తిరిస్తారు. రాతా గీతా ఉంటే హాలుకి అందం రాదు మరి. 260 మీటర్ల వెడల్పున్న నిప్పు, ఇక్కడి తాటిచెట్లు పదమూడింటిని నేల మీద వరసగా పడుకోబెట్టినా చాలని నిప్పు, పట్టీ పోగానే సబ్బు బుడగంతైనా కావచ్చు, చంద్రుడంతైనా కావచ్చు. అంత స్వేచ్ఛ దొరికాక ప్రశాంతంగా ఉండక ఏం చేస్తుంది?

కొలవడం కోసం తీసినవి ఇంత అందంగా ఎందుకున్నాయని మీరు అడగాలి. దానికీ జవాబు కెమెరాలోనే ఉంది. ఎం.ఐ.టి. ప్రొఫెసర్ హెరాల్డ్ ఎడ్జర్టన్ బృందం రాపట్రానిక్ అనే కెమెరా తయారుచేసింది. మామూలు షట్టరు రేకులు కదిలే లోపు ఇక్కడ అంతా అయిపోతుంది. అందుకని రేకులు తీసేసి, విద్యుత్తుతో కాంతిని ఆపీ వదిలీ పనిచేసే షట్టరు పెట్టారు. సెకనులో కోటో వంతు, ఇంకా తక్కువ కాలం కూడా అది తెరుచుకోగలదు. ఒక కెమెరా ఒక్క బొమ్మే తీస్తుంది, కాబట్టి వరసగా పేర్చేవారు. 1952లో నెవాడాలో అలా తీసిన బొమ్మల్లో గోళం కింద నుంచి కోరల్లాంటి ముళ్లు దిగి ఉంటాయి. అది కళాకారుడి ఊహ కాదు. గోపురాన్ని పట్టి ఉంచిన ఇనుప తాళ్లు ఆ వెలుగుకే ఆవిరైపోవడం. ఇక రంగులు. అతి వెలుగూ అతి చీకటీ ఒకే ఫిల్ము మీద పట్టడానికి చార్లెస్ వికాఫ్ అనే ఆయన మూడు పొరల ఫిల్ము తయారుచేశాడు. ఒక్కో పొర ఒక్కో స్థాయి వెలుగుకి స్పందిస్తుంది, ఏ పొర ఏదో తెలియడానికి ఒక్కోదానికీ ఒక్కో రంగు. ఆ ఫిల్ముతో తీసిన బొమ్మల్లో పసుపూ గులాబీ నీలమూ చూసి మనం నిప్పు రంగులనుకుని మురుస్తాం. అవి గుర్తుల రంగులు, మ్యాపులో జిల్లాలకి వేసినట్టు. పగటి పరీక్షల్లో వెనక ఉండే నల్లటి ఆకాశం కూడా రాత్రి కాదు. ఆ వెలుగు ముందు పగటి ఆకాశం ఫిల్ముకి ఆనలేదు, అంతే.

అందంగా లేవని నేననను. భౌతికశాస్త్రం చదివిన రోజుల్లో ఈ బొమ్మలు చూసి నోరు తెరిచినవాళ్లలో నేనూ ఉన్నాను. విశాఖలో మా అణుభౌతిక విభాగానికి పునాది వేసింది గొరగనమూడిలో పుట్టిన సన్యాసి, స్వామి జ్ఞానానంద. ఆశ్రమానికీ ప్రయోగశాలకీ మధ్య ఆయనకి గోడ లేదు. మాకూ అందానికీ లెక్కకీ మధ్య గోడ ఉండాలనిపించలేదు.

ఈ బొమ్మలతో పనిచేసిన నిజమైన కళాకారులు ఏం చేశారో చూస్తే సంగతి ఇంకా తేటపడుతుంది. బ్రూస్ కానర్ 1976లో తీసిన ‘క్రాస్‌రోడ్స్’లో 1946 జులై 25 నాటి బికినీ నీటి అడుగు పేలుడు ఒక్కటే ఉంటుంది. వేర్వేరు కెమెరాల నుంచి, నెమ్మదిగా, ముప్పయ్యారు నిమిషాలు. లేచిన నీటి స్తంభం చుట్టూ యుద్ధనౌకలు బొమ్మ ఓడల్లా తేలుతుంటాయి. కాసేపటికి అవి నిజం ఓడలని, ఒక్కోటి ఫర్లాంగు దాకా పొడవుంటుందని చూసేవాడికి తడుతుంది. ఆ తర్వాత కుర్చీలో సుఖంగా కూర్చోలేడు. మైకేల్ లైట్ 2003లో వంద ఫోటోలతో ‘100 సన్స్’ పుస్తకం వేశాడు. ప్రతి బొమ్మకీ పరీక్ష పేరు, శక్తి, తేదీ, స్థలం ఇచ్చాడు. ఇద్దరూ కొలతని పోనివ్వలేదు. వార్హోల్ 1965లో ఎరుపులో అదే మేఘాన్ని వరసలు వరసలుగా అచ్చొత్తాడు. నాకు అది మిగతా రెండింటంత గట్టిగా తగల్లేదు. చూడగా చూడగా మొద్దుబారిపోతామని ఆయన చెప్పదలుచుకుంటే, ఆ బొమ్మ నా విషయంలో నెగ్గినట్టే.

ఇప్పుడు అమరావతి. మద్రాసు మ్యూజియంలో ఉన్న గుండ్రటి ఫలకం మీలో కొందరు చూసే ఉంటారు. నాలాగిరి అనే మదపుటేనుగు కథ. బుద్ధుణ్ణి చంపడానికి ఏనుగుని రెచ్చగొట్టి రాజగృహం వీధిలోకి వదిలారు. మన శిల్పి దాదాపు 1,800 ఏళ్ల కిందట దాన్ని ఎలా చెక్కాడు? ఒకే ఫలకంలో ఏనుగు రెండుసార్లు ఉంటుంది. ఒక పక్క వీధిలో మనుషుల్ని తొక్కుతూ, తొండంతో విసురుతూ. ఇంకో పక్క బుద్ధుడి పాదాల ముందు మోకరిల్లి. ఏనుగు బలం ఆ శిల్పికీ నచ్చింది, ఆ కుంభస్థలం మలచిన తీరులో అది తెలుస్తుంది. కానీ వీధిని ఖాళీ చెయ్యలేదు. మేడల మీంచి తొంగి చూసేవాళ్లున్నారు. భయంతో పక్కవాళ్లని పట్టుకుని వెనక్కి జరిగే ఆడవాళ్లున్నారు. కాళ్ల కింద పడ్డవాడున్నాడు. ఏనుగు ఎంతటిదో చెప్పేది ఏనుగు కాదు, వాళ్లు. వాళ్లని చెక్కి తీసేసి ఏనుగుని మాత్రమే మిగిలిస్తే? గజరాజు బొమ్మ అవుతుంది, షోకేసులో పెట్టుకోవచ్చు.

మన ఇళ్లలో ఉండే విశ్వరూప సందర్శనం పటం కూడా అలాంటిదే. ఎన్నో తలలు, కోరలు, మంటలు. అయినా కింద మూలన చేతులు జోడించి అర్జునుడుంటాడు, అచ్చు వేసే ఏ శివకాశి వాడూ అతన్ని కత్తిరించడు. ఆ మొదటి బాంబు తయారీని నడిపించిన ఓపెన్‌హైమర్ బర్క్‌లీలో ఆర్థర్ రైడర్ దగ్గర సంస్కృతం నేర్చుకున్నవాడు. ట్రినిటీ నాడు తనకి గీత పదకొండో అధ్యాయం గుర్తొచ్చిందని 1965లో టెలివిజన్‌లో చెప్పాడు. ఆయన తలుచుకున్నది కృష్ణుడి మాట. అదే అధ్యాయంలో అర్జునుడు ఈ రూపం చాలు, మామూలు రూపంతో కనిపించమని వేడుకుంటాడు. సినిమా పోస్టర్లలోనూ టీషర్టుల మీదా ఆ వేడుకోలు మాత్రం కనిపించదు.

నిజాంపట్నం వైపు నుంచి వచ్చినవాళ్లు ముందు వరసలో ఉన్నారు. తర్వాతి ముక్క వాళ్లకి ఎక్కువ చెందుతుంది. 1954 మార్చి 1న అమెరికా బికినీలో బ్రావో అనే హైడ్రోజన్ బాంబు పేల్చింది. ఆరు మెగాటన్నులు వస్తుందని వేసుకున్న లెక్క. వచ్చింది పదిహేను. లోపల ఊరకే ఉంటుందనుకున్న లిథియం రకం ఒకటి తానూ మండింది. దాని ఫోటోలు ఇవాళ కాన్వాసుల మీద దొరుకుతాయి. మేఘం తలభాగం తెల్లగా, గుండ్రంగా, చాలా శుభ్రంగా ఉంటుంది. ఆ పూట ప్రకటించిన ప్రమాద హద్దుకి బయట ఇరవై ముగ్గురు మనుషులతో జపాను చేపల పడవ ఒకటి ట్యూనా వేటలో ఉంది. పేరు దైగో ఫుకుర్యు మారు. పడమట సూర్యుడు లేచినట్టయింది. కొన్ని గంటల తర్వాత ఆకాశం నుంచి తెల్లటి బూడిద రాలడం మొదలైంది. అది ఆ పగడపు దీవి పొడి. వేసిన గాలాలు వదిలి రాలేక అదంతా నెత్తిన పోసుకుంటూనే లాక్కున్నారు. రేవు చేరేసరికి రెండు వారాలు. వైర్‌లెస్ ఆపరేటరు కుబొయామా ఐకిచి సెప్టెంబరు 23న చనిపోయాడు. రాంగెలాప్ దీవి మీద ఉన్నవాళ్లని ఖాళీ చేయించేసరికి రెండు రోజులు దాటింది. ఈలోగా పిల్లలు ఆ తెల్లపొడిలో ఆడుకున్నారు. నెహ్రూ ఏప్రిల్ 2న లోక్‌సభలో పరీక్షలు నిలిపెయ్యాలని ప్రతిపాదించింది ఈ నేపథ్యంలోనే. న్యూ మెక్సికోలో ట్రినిటీ గాలి వీచిన ఊళ్లవాళ్లకి నష్టపరిహార చట్టంలో చోటు దొరికింది 2025లో. అక్షరాలా ఎనభై ఏళ్లు.

“నువ్వెక్కడ నిలబడి చూశావు?” అన్న ప్రశ్నకి ఈ ఫోటోలన్నీ ఒకే జవాబు చెబుతాయి. గాలికి ఎదురు వైపు, దూరంగా, బంకరు దగ్గర, విమానంలో, నల్ల అద్దాల వెనక. సోఫాలో కూర్చున్నప్పుడు మనం కూర్చునేది అక్కడే. పడవలో కాదు.

మరి మన సొంత బాంబు సంగతి? 1974 మే 18న, 1998 మే 11, 13 తేదీల్లో పోఖ్రాన్‌లో పేల్చినవన్నీ భూమి లోపలే. మొదటిది 107 మీటర్ల లోతున. కాబట్టి భారతదేశానికి సొంత పుట్టగొడుగు మేఘం లేదు. పటాసుల డబ్బా మీదైనా, ఫ్లెక్సీ మీదైనా మనవాళ్లు వేసుకునేది అరువు మేఘం, ఎక్కువగా నెవాడాదో పసిఫిక్‌దో. మనకి మిగిలిన అసలు ఫోటోలు వేరే రకం. కుంగిన నేల, గుంత, కంచె, అంచున నిలబడ్డ పెద్దలు. సైనిక దుస్తుల్లో అబ్దుల్ కలాం, చిదంబరం. ఉపగ్రహాల కంట పడకుండా ఆ దుస్తులు, కలాం గారికి మేజర్ జనరల్ పృథ్వీరాజ్ అని మారుపేరు. హైదరాబాదులో ఏళ్ల తరబడి పనిచేసిన మనిషి గనక ఆయన్ని మనవాడే అనుకుంటాం. మన బళ్లలో ఆయన ఫోటో లేని గోడ తక్కువ. ఈ ఫోటోల్లో మనుషులున్నారు కదా, కొలత ఉన్నట్టే కదా అని నన్ను ఒకరు నిలదీశారు. ఉన్నారు. గుంత ఎంతో వాళ్ల వల్ల తెలుస్తుంది కూడా. కాకపోతే వాళ్లు అక్కడికి చూడ్డానికి వెళ్లినవాళ్లు. అయిదారు కిలోమీటర్ల దూరంలో ఖేతోలాయి అనే ఊరుంది. 1998లో అక్కడ ఇళ్ల గోడలు బీటలిచ్చాయి. బీటలిచ్చిన గోడ ఫోటో ఏ గోడకీ ఎక్కలేదు. సరిహద్దు అవతల పాకిస్తాన్ ఇంకో అడుగు ముందుకేసింది. 1998 మే 28న చాగై జిల్లాలో బాంబులు పేలిన కొండకి నమూనాలు చేయించి నగరాల కూడళ్లలో నిలబెట్టింది. బొమ్మ కొండకి రాత్రిళ్లు దీపాలు కూడా.

దూరంగా ఉన్నవాళ్లని ఇంతసేపు అన్నాను, మనల్ని కూడా అనుకోవాలి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఆ రెండు రోజులూ ప్రతి ఫోనులో ఉపగ్రహం తీసిన బొమ్మే. తెల్లటి సుడి, మధ్యలో మెలి, చూడ్డానికి ముగ్గేసినట్టు. ఇక్కడ ఎవరైనా దాన్ని ఫ్రేము కట్టించుకున్నారా? ఆ సుడి కింద పనల మీద ఉన్న వరి మీదే అయ్యె. ఆ బొమ్మలో మీరు వెతికింది అందం కాదు, మీ ఊరు. అదే ఉపగ్రహం ఎక్కడో పసిఫిక్‌లో టైఫూన్‌ని తీస్తే మనలో ఎంతమంది ‘అబ్బ, ఎంత బాగుందో’ అని వాట్సాప్‌లో ముందుకి తోశామో ఎవరి ఫోను వాళ్లకి తెలుసు.

హైదరాబాదు కుర్రాడు నన్ను సూటిగా అడిగాడు. “అయితే తీసెయ్యమంటావా పెదనాన్నా?” వద్దన్నాను. గోడ మీంచి తీసినంత మాత్రాన పేలింది పేలకపోదు. దాని కింద ఒక చిన్న పట్టీ అంటించమన్నాను. పరీక్ష పేరు, తేదీ, స్థలం, శక్తి, మేఘం ఎత్తు, గాలి ఏ దిక్కుకి వీచింది. ఆఖరి రెండూ వెతకడానికి వాడికి కొన్ని రాత్రులు పట్టింది. పట్టీ అంటించాక కాన్వాసు హాల్లోంచి చదువుకునే గదిలోకి మారింది. నేను మార్చమనలేదు.

ఒక సంగతి చెప్పి విరమిస్తాను. పోఖ్రాన్‌లో మొదటిసారి పేలిన 1974 మే నెలలోనే, జపానులో హిరోషిమా టీవీ కేంద్రానికి కొబయాషి ఇవాకిచి అనే డెబ్బయ్యేడేళ్ల పెద్దాయన ఒక బొమ్మ పట్టుకుని వచ్చాడు. చిత్రకారుడు కాదు. 1945 ఆగస్టు 6 సాయంత్రం నాలుగింటికి యొరోజుయో వంతెన దగ్గర తాను చూసింది గీశాడు. దాన్ని చూపించి, మీరూ గీసి పంపండని టీవీ వాళ్లు అడిగితే, బతికి బయటపడ్డ మామూలు జనం నుంచి రెండు వేలకి పైగా బొమ్మలు వచ్చాయి. రంగు పెన్సిళ్లతో, స్కెచ్ పెన్నులతో, దొరికిన కాగితం మీద. గీత వంకర, కాళ్లూ చేతులూ పొంతన లేవు. మన మాస్టారైతే ఆ వంకరలకి ఒక్క మార్కు కూడా తగ్గించేవారు కాదని నా నమ్మకం. ఎందుకంటే చాలా బొమ్మల మీద, మనిషి పక్కనో ఆకాశం ఖాళీలోనో, వాళ్లే రాశారు: ఎన్నింటికి, ఏ వంతెన దగ్గర, బాంబు పేలిన చోటికి ఎంత దూరంలో.

ఆ బొమ్మలు ఇవాళ హిరోషిమా శాంతి స్మారక మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో ఒకదాని నకలు అనుమతి తీసుకుని తెప్పిద్దాం. పక్కన ట్రినిటీ 0.025 సెకన్ల బొమ్మ, కింది పట్టీ కొయ్యకుండా. రెండోదానికి కాపీరైటు లేదని చెప్పాను కదా, ఖర్చు కాగితానికీ అచ్చుకీ మాత్రమే. మన హైస్కూల్లో డ్రాయింగ్ గది బయట వరండాలో రెండింటికీ సరిపడా గోడ ఉంది, ఉదయం కొలిచి వచ్చాను, తొమ్మిది అడుగులు. ప్రస్తుతం అక్కడ ఫీజుల నోటీసు బోర్డు ఉంది. దాన్ని పక్కకి జరపడానికి హెడ్మాస్టరు గారు ఒప్పుకుంటే రేపే మేకులు కొట్టిస్తాను.